సర్వరుల అమరికకు స్వయంచాలక పరీక్షలు

2024 జూలై 19 శుక్రవారమునాడు శంషాబాదు విమానాశ్రయమునకు చేరిన ప్రయాణికులలో కొందరికి ఉద్యోగులు బోర్డింగు పాసులను కలముతో వ్రాసి యిచ్చిరి. విద్యుత్తు పోలేదు, అచ్చుయంత్రములు చెడిపోలేదు. ప్రపంచమునందు సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆనాడు నీలిరంగు తెర చూపి నిలిచిపోయినవని మైక్రోసాఫ్ట్ సంస్థ లెక్క కట్టినది. ఆ కంప్యూటర్లకు కాపలాగా ఉంచిన క్రౌడ్‌స్ట్రయిక్ సంస్థవారి రక్షణ ప్రోగ్రామునకు మన కాలమానము ప్రకారము ఉదయము 9 గంటల 39 నిమిషములకు ఒక చిన్న ఫైలు అందెను. అది ప్రోగ్రాము కాదు. ప్రోగ్రాము దేనిని గమనింపవలెనో తెలుపునట్టి అమరిక ఫైలు మాత్రమే. 78 నిమిషములలో దానిని వెనుకకు తీసికొనిరి. కాని అప్పటికే పడిపోయిన యంత్రములను ఒక్కొక్కదాని యొద్దకు మనిషి పోయి లేపవలసివచ్చెను.

వింత యేమనగా, ఆ ఫైలు పరీక్ష దాటియే బయటికి వచ్చినది. పరీక్ష ఉండియు తప్పు ఎట్లు తప్పించుకొనినదో తెలియవలెనన్న, అమరిక అనగానేమో, దానిని ఎట్లు పరీక్షింతురో ముందుగా తెలియవలెను.

సర్వరు అనగా సేవ చేయు కంప్యూటరు. రైలు టికెట్టు కొన్నను, బ్యాంకులో నిలువ చూచుకొన్నను, పదవ తరగతి ఫలితములు వెదకినను, ఎక్కడనో ఒక సర్వరు జవాబు చెప్పుచుండును. అయితే కొత్త యంత్రము పెట్టె విప్పగానే ఈ పనికి రాదు. దానిలో ఏ ప్రోగ్రాములు ఉండవలెను, ఏవి ఉండరాదు, గడియారము దేనిని చూచి సరిదిద్దుకొనవలెను, ఏ ఫైలును ఎవరు చదువవచ్చును, కరెంటు పోయి వచ్చిన పిమ్మట ఏవేవి వాటంతట అవి లేవవలెను - ఇట్టి నిర్ణయములు వందలకొలది ఉండును. ఈ నిర్ణయముల మొత్తమునకే కాన్ఫిగరేషన్ అని పేరు. తెలుగున అమరిక అనవచ్చును.

చాలకాలము ఈ పనియంతయు చేతితో జరిగెడిది. అనుభవజ్ఞుడైన ఉద్యోగి యంత్రము ముందు కూర్చుండి ఒక్కొక్క ఆజ్ఞ టైపు చేసెడివాడు. ఏమి చేసెనో నోటుపుస్తకమున వ్రాసికొన్నవారు కొందరు, వ్రాసికొననివారు అనేకులు. ఆవకాయ కొలతలు అమ్మ చేతిలో ఉన్నట్లు, అమరిక ఆ ఉద్యోగి చేతిలో ఉండెడిది. ఆయన సెలవుపై పోయిననాడు జాడీ బూజు పట్టెడిది. సంక్రాంతికి ఒక్క తీరుగా నెలకొల్పిన ఇరువది సర్వరులు ఉగాది నాటికే ఇరువది తీరులగును. ఒకదానిలో ఎవరో తొందరపాటున ఒక వరుస మార్చిరి. మరియొకదానికి కొత్త ప్రోగ్రాము చేర్చుట మరచిరి. ఈ మెల్లని ఎడబాటును ఆ వృత్తివారు డ్రిఫ్టు అందురు. పడవ త్రాడు వదులైనప్పుడు ఒడ్డునుండి జరిగిపోవుట వంటిది.

1993లో ఓస్లో విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచుండిన మార్క్ బర్జెస్ అను భౌతికశాస్త్రజ్ఞుడు దీనికొక ఉపాయము కనిపెట్టెను. ఆయన వ్రాసిన సి.ఎఫ్.ఇంజన్ అను ప్రోగ్రామునకు చేయవలసిన పనుల పట్టిక ఇయ్యనక్కరలేదు. యంత్రము చివరకు ఏ స్థితిలో ఉండవలెనో చెప్పిన చాలును. ప్రోగ్రాము ఉన్న స్థితిని, ఉండవలసిన స్థితిని పోల్చి, తేడా ఉన్నచోటనే సరిదిద్దును. గిన్నె గోడపై ఎక్కడ విడిచినను గోలీ అడుగునకే చేరునట్లు, యంత్రము ఎట్లు చెడినను తుదకు ఒకే స్థితికి రావలెనన్నది ఆయన భావము. భౌతికశాస్త్రజ్ఞునకు ఇట్టి ఆలోచన తట్టుట సహజమే. తరువాత 2005లో పప్పెట్, 2009లో షెఫ్, 2012లో ఆన్సిబుల్ వచ్చినవి. ఆన్సిబుల్ అనునది 1966లో అర్సులా లెగ్విన్ వ్రాసిన నవలలో నక్షత్రముల నడుమ క్షణములో వార్త చేరవేయు సాధనము పేరు. షెఫ్ వారు మాత్రము నేరుగా వంటయింటికే పోయిరి. వారి భాషలో అమరిక కోడ్‌కు వంటకము అని, వంటకముల కట్టకు వంటలపుస్తకము అని పేరు. ఆ మాట ఇచ్చటను సుకరముగా ఉన్నది గనుక దానినే వాడుదము.

చేతిపని పోయి కోడ్ వచ్చుటతో గొప్ప మేలు జరిగినది. దానితోపాటు ఒక ప్రమాదమును వచ్చినది. చేతితో చేసిన తప్పు ఒక యంత్రములో ఉండిపోవును. వంటకములోని తప్పు నిమిషములో ఇరువది యంత్రములకు, కొన్ని సంస్థలలో ఇరువదివేల యంత్రములకు, సమానముగా వడ్డింపబడును. కావుననే వంటకమును విందునకు ముందు రుచి చూడవలసిన అవసరము కలిగెను. ఆ రుచి చూచుటయు మనిషి ఓపికకు వదలక యంత్రముచేతనే చేయించుట స్వయంచాలక పరీక్ష.

రెండవసారి ఏమియు మారరాదు

ఇరువది సర్వరుల గడియారములు ఒక్కతీరుగా ఉండవలెననుకొందము. లినక్స్ సర్వరులలో ఈ పని చేయుటకు క్రోనీ అను ప్రోగ్రాము కలదు. దాని అమరిక ఫైలులో కాలమును ఏ సర్వరునుండి అడుగవలెనో తెలుపు వరుస ఒకటి ఉండవలెను. దీనిని రెండు విధములుగా చెప్పవచ్చును. "ఫైలు చివర ఈ వరుస చేర్చుము" అనుట ఒకటి. "ఫైలులో ఈ వరుస ఉండవలెను" అనుట రెండవది. మొదటిసారి నడిపినప్పుడు రెండింటి ఫలితము ఒక్కటే. వంటకమును అరగంటకొకసారి నడుపుట పరిపాటి గనుక, మొదటి విధమున చెప్పినచో ఒక్క రోజులో ఆ వరుస 48 సార్లు చేరును. రెండవ విధమున చెప్పినచో ఎన్నిసార్లు నడిపినను ఒక్కసారియే ఉండును.

ఒకసారి చేసినను పలుమారులు చేసినను ఫలితము మారని క్రియను ఐడెంపొటెంటు అందురు. ఈ మాట కంప్యూటర్ల కంటె పాతది. అమెరికా గణితజ్ఞుడు బెంజమిన్ పియర్స్ 1870లో బీజగణితమున దీనిని ప్రవేశపెట్టెను. వర్గము చేసినను మారని సంఖ్యలు రెండే - 0, 1. చివరి అంకెను మాత్రమే లెక్కించినచో 5, 6 కూడ ఇట్టివే: 25 చివర 5, 36 చివర 6. పరమమూల్యము తీసికొనుట ఇట్టి క్రియ. -7 కు 7 వచ్చును, 7 కు మరల 7 వచ్చును. లిఫ్టును పిలుచు మీటను ఒకసారి నొక్కినను పదిసార్లు నొక్కినను వచ్చునది ఒకే లిఫ్టు. టీవీని ఆపుటకును వెలిగించుటకును ఒకే మీట ఉన్నచో, రెండవ నొక్కుతో పని తారుమారగును.

పరీక్ష దీనిని పట్టుకొను తీరు మిక్కిలి సులభము. వంటకమును ఖాళీ యంత్రముపై ఒకసారి నడుపుదురు. వెంటనే రెండవసారి నడుపుదురు. ఆన్సిబుల్ ప్రతి పరుగు చివర ఎన్ని అంశములు మార్చినదో సంఖ్య చెప్పును. రెండవ పరుగున ఆ సంఖ్య సున్న కావలెను. కానిచో వంటకము తప్పినట్లే. ఇంత తేలిక పరీక్షను కూడ ఎందరో చేయరు. వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఇతరులతో కలిసి 2013లో బహిరంగముగా దొరకు షెఫ్ వంటకములను సుమారు 300 తీసికొని పరీక్షింపగా, దాదాపు మూడింట ఒకవంతు తప్పినవి.

మూడంకెల తప్పు

యంత్రమును తాకకుండ వంటకమును చదివి మాత్రమే పట్టుకొనదగిన తప్పులు కొన్ని కలవు. ఇట్టి పరీక్షలు క్షణములలో ముగియును. కనుక వీనిని మొదట నడుపుదురు. అక్షరదోషములు, కుదరని అంచులు మొదలగునవి ఇచ్చట పట్టుబడును. ఆన్సిబుల్ వంటకములు వ్రాయు యామల్ లిపిలో పాత నియమము ప్రకారము నో అను రెండక్షరముల ఇంగ్లీషు మాటకు "కాదు" అని అర్థము. దేశముల పట్టికలో నార్వేకు సంక్షిప్తనామము ఆ రెండక్షరములే. పట్టికను కొటేషను గుర్తులు లేక వ్రాసినచో నార్వే దేశము "కాదు" అయిపోవును!

ఇంతకంటె గణితోపాధ్యాయులకు ఉపయోగపడు ఉదాహరణము ఫైలు అనుమతులది. లినక్స్‌లో ప్రతి ఫైలునకు యజమాని, ముఠా, ఇతరులు అని మూడు వర్గముల వారికి అనుమతులు వేరుగా ఉండును. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1. 644 అనగా యజమాని చదువవచ్చును, వ్రాయవచ్చును. తక్కిన వారు చదువవచ్చును. ఈ 644 అష్టాంశ సంఖ్య, అనగా ఎనిమిది ఆధారముగా గలది. వంటకములో దాని ముందు సున్న చేర్చి 0644 అని కొటేషను గుర్తుల నడుమ వ్రాయుట మంచిపద్ధతి. సున్న మరచి ఊరక 644 అని వ్రాసినచో ప్రోగ్రాము దానిని దశాంశ సంఖ్యగా గ్రహించును. దశాంశమందలి 644 ను ఎనిమిది ఆధారమునకు మార్చిన 512 ఒకటి, 64 రెండు, 8 లేవు, మిగిలినది 4, అనగా 1204. ముందరి 1 మామూలు ఫైలుపై ప్రభావము లేని గుర్తు. తక్కినది 204. యజమాని వ్రాయవచ్చును గాని చదువరాదు. ముఠాకు ఏమియు లేదు. దారిన పోవువారందరును చదువవచ్చును. ఇంటివానికి తాళము వేసి వీధివానికి తలుపు తెరచినట్లున్నది. ఆ ఫైలులో రహస్యపదము ఉన్నచో కలుగు నష్టము వేరుగ చెప్పనక్కరలేదు. వంటకములను చదివి తప్పులెన్ను ప్రోగ్రాములు ఈ మూడంకెలను చూచినంతనే ఎర్రజెండా ఎత్తును.

చదివి చూచుటకు ఒక పరిమితి కలదు. వంటకము వ్యాకరణము సరిగా ఉండియు వంట చెడవచ్చును. కాబట్టి నిజముగా వండి చూడవలెను. దీనికొరకు నిజమైన సర్వరును వాడరు, మాయాయంత్రమును వాడుదురు. ఒక కంప్యూటరు లోపల ప్రోగ్రాముచేత మరియొక కంప్యూటరును సృష్టించు విద్య 1960ల నుండి ఐ.బి.ఎం. యంత్రములలో ఉన్నది. 2013లో డాకర్ వచ్చిన పిమ్మట ఇంకను తేలికయైన కంటైనరులు వాడుకలోనికి వచ్చినవి. ఇవి కొన్ని క్షణములలో పుట్టును. షెఫ్ వారి టెస్ట్ కిచెన్, ఆన్సిబుల్ వారి మాలిక్యూల్ అను సాధనములు ఈ తతంగమును వరుసగా నడిపించును: ఖాళీ యంత్రమును పుట్టించుట, వంటకమును నడుపుట, రెండవసారి నడిపి మార్పులు సున్న అని చూచుట, ప్రశ్నలు వేయుట, యంత్రమును రూపుమాపుట. ప్రతిసారి కొత్త యంత్రము పుట్టుటయే దీనిలోని బలము. నిన్నటి పరీక్ష మిగిల్చిన చెత్త నేటి తప్పును కప్పిపుచ్చజాలదు.

కంటైనరు చవుక గదా యని అన్నింటికి దానినే వాడుట కుదరదు. కంటైనరులన్నియు తమను మోయు కంప్యూటరు యొక్క కెర్నెలును, అందువలన దాని గడియారమును, పంచుకొనును. గడియారమును దిద్దు అధికారము వానికి మామూలుగా ఇయ్యరు. పై క్రోనీ ఉదాహరణమును కంటైనరులో పరీక్షించినచో ఫైలు సరిగా ఉన్నదని మాత్రమే తెలియును. గడియారము దిద్దబడునా లేదా అన్నది తెలియదు. దానికి పూర్తి మాయాయంత్రము కావలెను.

ఏమి అడుగవలెను అన్నది అన్నింటికంటె కష్టమైన ప్రశ్న. జపాను దేశస్థుడు గోసుకే మియాషితా 2013లో వెలువరించిన సర్వర్‌స్పెక్ ఈ ప్రశ్నలను సూటిగా వ్రాయు వీలు కల్పించెను. ఫలానా ప్రోగ్రాము నడుచుచున్నదా? ఫలానా ద్వారమున పిలిచిన పలుకునా? ఇట్టివి. కొత్తవారు తరచు చేయు పొరపాటు వంటకములో ఉన్న మాటలనే ప్రశ్నలుగా తిరుగ వ్రాయుట. వంటకము ఫైలులో ఒక వరుస వ్రాయును. పరీక్ష ఆ వరుస ఉన్నదా అని అడుగును. ఆ వరుసయే తప్పైనచో రెండును కలిసి తప్పును. తీసివేతను కూడికతో సరిచూతురు గాని మరల అదే తీసివేతతో సరిచూడరు. గడియారము విషయమున అడుగవలసినది ఫైలు గురించి కాదు: ఈ యంత్రపు కాలమునకు, ప్రమాణ కాలమునకు తేడా ఎంత? అట్లే "ప్రోగ్రాము ఇప్పుడు నడుచుచున్నదా" అన్న ప్రశ్నతో ఆగిన చాలదు. యంత్రమును ఆపి మరల లేపిన పిమ్మట నడుచునా అని అడుగవలెను. ఈ రెండవ ప్రశ్న మరచినవారికి దాని విలువ కరెంటు పోయిన రాత్రి తెలిసివచ్చును.

అన్ని స్థితులను పరీక్షించుట మాత్రము అసాధ్యము. ఔను, కాదు అను రెండేసి విలువలు గల అంశములు పది ఉన్నచో 1,024 స్థితులగును. ఇరువది ఉన్నచో 10,48,576. ఒక్కొక్క పరీక్షకు ఒక నిమిషము చొప్పున ఈ రెండవదానికి రమారమి రెండేండ్లు పట్టును. అందుచేత పరీక్ష వ్రాయువాడు ఎచ్చట తప్పు జరుగునో ఊహింపవలసియే యుండును.

ఎనిమిదవ సర్వరు

ఊహ తప్పినచో ఏమగునో న్యూయార్కులో 2012 ఆగస్టు 1వ తేదీన జరిగినది తెలుపుచున్నది. నైట్ క్యాపిటల్ అను సంస్థ వాటాల కొనుగోలు అమ్మకములు జరిపెడిది. ఆ పనికి ఎనిమిది సర్వరులు ఉండెను. కొత్త కోడ్‌ను కొద్ది రోజుల ముందునుండి వానిపై ఒక ఉద్యోగి ఎక్కించుచు వచ్చెను. ఏడింటిపై ఎక్కినది. ఎనిమిదవది మరువబడినది. ఎనిమిదియు ఒక్కతీరుగా ఉన్నవా అని సరిచూచు రెండవ మనిషి లేడు. సరిచూడవలెనను వ్రాతపూర్వక నియమమును లేదు. ఎనిమిదవ సర్వరులో 2003 నుండి వాడని పాత కోడ్ ఇంకను ఉండెను. కొత్త కోడ్‌ను మేల్కొలుపుటకు ఎంచుకొన్న గుర్తు, దురదృష్టవశమున, పూర్వము ఆ పాత కోడ్‌ను మేల్కొలిపిన గుర్తే.

బజారు తెరచిన తరువాత 45 నిమిషములలో, 212 చిన్న ఆర్డరులను పూర్తి చేయబోయి, ఆ యంత్రములు 154 కంపెనీల వాటాలలో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిపినవి. ఆర్డరు పూర్తియైనదని గ్రహించు శక్తి ఆ పాత కోడ్‌కు లేకపోయెను. తప్పు ఎక్కడనో తెలియక కంగారులో సిబ్బంది, సరిగా పనిచేయుచున్న ఏడు సర్వరులనుండి కొత్త కోడ్‌ను తొలగించిరి. దానితో ఎనిమిదియు ఒక్కతీరుగా చెడినవి. నష్టము 46 కోట్ల డాలర్లకు పైబడినది. బజారు తెరువకముందే యంత్రములు 97 హెచ్చరిక ఉత్తరములు పంపినవి. వానిని హెచ్చరికలుగా ఎవరును చూడలేదు. ఇదంతయు 2013 అక్టోబరులో అమెరికా ప్రభుత్వపు వాటాల వ్యాపార నియంత్రణ సంఘము వెలువరించిన ఉత్తరువులో ఉన్నది. "ఎనిమిది యంత్రములలోను ఈ కోడ్ సంచిక ఒక్కటేనా" అను ఒకే ఒక్క ప్రశ్నను యంత్రముచేత అడిగించియున్న ఆ ఉదయము వేరుగా గడచియుండును.

ఇక శంషాబాదున పాసులు చేత వ్రాయించిన ఫైలు సంగతి. రక్షణ ప్రోగ్రాములోని ఒక భాగమునకు 21 గడులు ఉండునని నిర్ణయించిరి. కాని ఆ భాగమునకు విలువలు అందించు కోడ్ 20 మాత్రమే అందించెడిది. 2024 ఫిబ్రవరినుండి ఈ లోపము అట్లే ఉండెను. పరీక్షలలోను, మార్చి ఏప్రిలు నెలలలో పంపిన ఫైలులలోను 21వ గడిలో "ఏదైనను సరే" అను గుర్తు ఉండెను. ఏదైనను సరే అన్నప్పుడు ప్రోగ్రాము ఆ గడిని తెరచి చూడనక్కరలేదు; కనుక అది ఖాళీ అని ఎవరికిని తెలియలేదు. జూలై 19 నాటి ఫైలు మొట్టమొదటిసారి 21వ గడిలో నిజమైన విలువను కోరెను. ప్రోగ్రాము లేని గడిని చదువబోయి యంత్రముతో సహా పడిపోయెను. ఫైలును సరిచూచు సాధనము కూడ 21 విలువలు అందునని నమ్మియే ఫైలును పంపివేసెను. పైగా ఆ ఫైలు మొదట కొన్ని యంత్రములకు, తరువాత మరికొన్నింటికి అని కాక ఒక్కసారిగా అందరికి చేరెను. ఇకపై ఇట్టి ఫైలులను విడతలుగా పంపుదుమని ఆ సంస్థ తరువాత ప్రకటించినది.

పరీక్షనే పరీక్షించుట ఎట్లన్న ప్రశ్నకు 1971లో రిచర్డ్ లిప్టన్ అను విద్యార్థి ఒక మార్గము సూచించెను. కోడ్‌లో బుద్ధిపూర్వకముగా చిన్న చిన్న తప్పులు దూర్చి, వానిలో ఎన్నింటిని పరీక్ష పట్టుకొనునో లెక్కించుటయే ఆ మార్గము. దీనిని ఉన్నతపాఠశాల కంప్యూటరు గదిలో చేసి చూడవచ్చును. లినక్స్, ఆన్సిబుల్, మాలిక్యూల్ మూడును ఉచితముగా లభించును. కంటైనరులకు మామూలు కంప్యూటరు చాలును. విద్యార్థులను రెండు జట్లుగా విభజించి, ఒక చిన్న సర్వరు ఏమి చేయవలెనో ఇద్దరికిని నల్లబల్లపై వ్రాసి చూపవలెను. మొదటి జట్టు వంటకము వ్రాయును. రెండవ జట్టు ఆ వంటకము చూడకుండ ప్రశ్నలు మాత్రమే వ్రాయును. అన్నియు సరిపోయిన పిమ్మట ఉపాధ్యాయుడు ఎవరికిని చెప్పక వంటకములో ఒక్కొక్కటిగా పది తప్పులు చేయవలెను: 0644 లో సున్నను, కొటేషను గుర్తులను తీసివేయుట, యంత్రము లేచునప్పుడు ప్రోగ్రాము లేవవలెనను వరుస కొట్టివేయుట, "ఉండవలెను" అన్నచోట "చేర్చుము" అనుట వంటివి. ప్రతి తప్పునకు పరీక్షను ఒకసారి నడిపి, పట్టుబడినదా లేదా గుర్తించుకొనవలెను. పదింటిలో ఆరు మాత్రమే పట్టుబడినచో, తక్కిన నాలుగింటికి రెండవ జట్టు ఇంకను ప్రశ్నలు వ్రాయవలసియున్నది.